సవరణ: టారో ఈజిప్టుది కాదు, పాత్రను చంపక్కర్లేదు

నవల ముందుకు కదలకపోతే టారో (జోస్యానికి వాడే బొమ్మల పేక) ముక్క ఒకటి తీసి చూడమని పోయిన వారం రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది, టారో ఈజిప్టు పూజారుల విద్య అన్నాను. కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట అది. ఈజిప్టు కథను 1781లో కూర్ ద జెబలాన్ అనే ఫ్రెంచి రచయిత ఆధారం లేకుండా ప్రచారంలో పెట్టాడు. ఇది చెబితే కావలిలో మా బాబాయి "అయితే మన రమ్మీకి చుట్టమే గదరా" అని తేల్చేశాడు.

రెండోదే పెద్ద తప్పు. 13వ నంబరు మృత్యువు ముక్క వస్తే పాత్రను చంపాల్సిందే అన్నాను. ఆ ముక్కకు మామూలుగా చెప్పుకునే అర్థం ఒక దశ ముగిసి మార్పు రావడం. 1909లో అచ్చయిన, చిత్రకారిణి పమేలా కోల్‌మన్ స్మిత్ గీసిన బొమ్మ చూడండి. గుర్రం మీద అస్థిపంజరం ఉంటుంది గానీ, వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడూ ఉంటాడు.

ఈ పొరపాటుకు ముందు బలైంది నా నవలే. నెల్లూరు రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువులో దిగి కొడుకు కోసం చదువు రొట్టె పట్టుకునే తల్లి ఉంది అందులో. ఈ ముక్క వచ్చిందని ఆమెను పాపం మూడో అధ్యాయంలోనే చంపేశాను. ఇప్పుడు బతికించాను. ఈసారి ఆమె తన కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంటుంది. ఇంట్లో గొడవ మొదలైంది, కథ కదిలింది.

ముక్కల లెక్క మాత్రం సరిగానే రాశాను: మొత్తం 78, అందులో మృత్యువు లాంటి పెద్ద ముక్కలు (మేజర్ ఆర్కానా) 22.