జబ్బు ముదురుతుందా? స్కాన్ కంటే ముందు శ్వాస లెక్కపెట్టండి

2021 మే నెలలో వరంగల్‌లో ఎవరికి కోవిడ్ వచ్చినా బంధువుల మొదటి ప్రశ్న ఒకటే: ‘సీటీలో 25కి ఎంతొచ్చింది?’ ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో స్కాన్ చూసి 25కి వేసే మార్కు అది. తక్కువొస్తే ఇల్లు కుదుటపడేది, ఎక్కువొస్తే అప్పుకోసం ఫోన్లు మొదలయ్యేవి. స్వల్ప లక్షణాలకే సీటీ తీయించుకోవద్దని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణదీప్ గులేరియా అప్పుడే హెచ్చరించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్కాన్ ఆ రోజు ఊపిరితిత్తుల పరిస్థితిని చూపిస్తుంది. రేపు జబ్బు ఎటు పోతుందో చెప్పాలంటే అదొక్కటే చాలదు.

ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగుల ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి 2020లో బ్రిటన్‌లో ‘4సీ’ అనే స్కోరు తయారుచేశారు. అందులో ఎనిమిది అంశాలున్నాయి: వయసు, ఆడా మగా, ముందునుంచి ఉన్న జబ్బులు, నిమిషానికి శ్వాసలు, ఆక్సిజన్ శాతం, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే ప్రోటీన్). చివరి రెండింటికే రక్తపరీక్ష కావాలి. సీటీ ఊసే లేదు. మిగతా ఆరూ మన పల్లె దవాఖానలో, ఆ మాటకొస్తే ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

అన్నిటికన్నా మనం నిర్లక్ష్యం చేసేది శ్వాసల లెక్క. రోగికి చెప్పకుండా లెక్కపెట్టాలి; చెబితే తెలియకుండానే శ్వాస తీరు మారుతుంది. పడుకున్న మనిషి పక్కన కూర్చుని, పొట్టమీద చూపు నిలిపి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కించాలి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. పెద్దవాళ్లలో 24కి చేరితే, లేదా ఆక్సిజన్ 93కి పడితే ఇంట్లో ఉంచకూడదు. ఏడాది దాటి ఐదేళ్లలోపున్న పిల్లలకు 40 చేరితేనే వేగం కింద లెక్క. ఆక్సిమీటర్ పెట్టేముందు గోళ్లరంగు తుడిచి, చల్లబడ్డ వేలిని రుద్ది వేడిచేయాలి. కోవిడ్‌లో కొందరికి ఆక్సిజన్ బాగా పడిపోయినా ఆయాసం తెలియలేదు. ‘మంచిగనే ఉన్న’ అన్న మాటను నమ్మి ఊరుకోవద్దనేది అందుకే.

ఇక మన ప్రాంతం సంగతి. ముందునుంచి ఉన్న జబ్బులను లెక్కేయాలంటే అవి ఉన్నట్టు ముందు తెలియాలి కదా! షుగర్ ఉందని జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరాకే తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. జగిత్యాల, సిరిసిల్లల్లో పొగాకు ధూళి మధ్య బీడీలు చుట్టే ఆడవాళ్లు, గోదావరిఖని బొగ్గుగనుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లు, కట్టెల పొయ్యి ముందు ఏళ్లు గడిపినవాళ్లు... వీళ్ల ఊపిరితిత్తులు వైరస్ రాకముందే ఎంత దెబ్బతిన్నాయో ఏ చీటీలోనూ రాసి ఉండదు. మిర్చి సీజన్లో ఎనుమాముల యార్డు హమాలీ దగ్గితే ఘాటు అనుకుని వదిలేస్తాం.

రోజుల లెక్కా ముఖ్యమే. కోవిడ్‌లో మొదటి వారం కాస్త తేరుకున్నట్టుండి, రెండో వారంలో ఆయాసం పట్టుకున్నవాళ్లున్నారు. కానీ చాలామంది మొదటి రెండు రోజుల్లోనే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎక్కించుకున్నారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ అవసరమైనవారినే అని 2020లోనే బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరీక్ష తేల్చింది. అవసరం లేనివాళ్లకు, అందునా షుగర్ అదుపులో లేనివాళ్లకు ఇస్తే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ వార్డుల్లో చూశాం.

అయితే ప్రతి వైరస్‌కూ ఒకే కొలత సరిపోదు. 2009 స్వైన్‌ఫ్లూ గర్భిణులను ఎక్కువగా దెబ్బతీసింది. 1918 ఫ్లూలో నడివయసు కూడా రాని యువకులు రాలిపోయారు. కాబట్టి వయసు తక్కువని ధీమా పడటానికి లేదు.

ఈసారి చలికాలం రాకముందే ప్రతి ఆశా కార్యకర్త సంచిలో పనిచేసే ఆక్సిమీటర్ ఉండాలి. బీపీ, షుగర్ సర్వేలో ఇప్పటికే రాసుకున్న పేర్లలోంచి అరవై దాటినవాళ్లనూ, దమ్ము ఉన్నవాళ్లనూ, గర్భిణులనూ వేరు చేసి జాబితా పెట్టుకోవాలి. వాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా రెండుపూటలా శ్వాస, ఆక్సిజన్ చూసి రాయాలి. ఏటూరునాగారం అవతలి గూడెం నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చేరడానికి గంటలు పడుతుంది గనుక, ఆక్సిజన్ తగ్గుతున్నట్టో శ్వాసలు పెరుగుతున్నట్టో కనిపించిన పూటే బండి కట్టించాలి.