రెండు చేతుల్లో హ్యాగిస్, నడుముకు ఒకే పట్టీ

మా ఊళ్ళో స్కాటిష్ వారసత్వ సంఘం ఒకటుంది. ఉత్తర కరొలైనాలో ఇది వింతేమీ కాదు. 1730లలోనే స్కాట్లండ్ కొండసీమల నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు ఇక్కడ కేప్ ఫియర్ నది వెంట స్థిరపడ్డారు. గ్రాండ్‌ఫాదర్ పర్వతం మీద 1956లో మొదలైన హైలండ్ క్రీడలకు ఇప్పటికీ జనం గుడారాలతో సహా తరలివెళ్తారు. వింతల్లా, స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరిట ఆ సంఘం వారు చేసుకునే బర్న్స్ విందులో హ్యాగిస్ అనే వంటకం పళ్ళెం మోసే బాధ్యత నా మీద పడటం. ఏటా మోసే పెద్దమనిషికి నడుము పట్టేసిందట. సంఘంలో సభ్యుడైన మా పక్కింటాయన అడిగాడు, నన్ను సంప్రదించకుండానే మా ఆవిడ సరేనంది. మొన్న శనివారం రాత్రి ఆ ముచ్చట కాస్తా తీరింది.

ముందుగా కార్యదర్శిగారు ఫోను చేసి నాది ఏ వంశమో చెప్పమన్నారు. అక్కడి మగవాళ్ళు నడుముకు లంగాలా కట్టుకునే కిల్టు మీది గళ్ళు వంశాన్ని బట్టి మారతాయట. అప్పారావుల వంశానికి గళ్ళేవీ కేటాయించినట్టు లేదన్నాను. ఆయన నవ్వలేదు. గోత్రం తెలియనివాడికి పురోహితుడు కాశ్యప గోత్రం అంటగట్టినట్టు, వంశం లేనివాడి కోసం వీళ్ళ దగ్గర బ్లాక్ వాచ్ అనే ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ళ బట్ట ఉంది. అది ఒకప్పటి సైనిక పటాలానిది, ఎవరైనా కట్టుకోవచ్చు. అదే ఇప్పిస్తాననీ, వెయ్యేళ్ళ సంప్రదాయం కాబట్టి జాగ్రత్తగా మసలుకోమనీ హెచ్చరించి ఫోను పెట్టేశారు. వంశానికో రకం గళ్ళు అన్న పద్ధతి ఊపందుకున్నది 1822లో బ్రిటిష్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు, రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి నగర ప్రముఖులకు ఆ వేషం వేయించాక. అసలు ఈ పొట్టి కిల్టును 1720లలో రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప వ్యాపారి తయారుచేయించాడన్న కథ కూడా ఒకటి ప్రచారంలో ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ అద్దె కిల్టు కట్టుకోబోయేవాడు చరిత్ర మాట్లాడకూడదు.

హాలు వెనక గదిలో కట్టుకున్నాను. కుచ్చెళ్ళు ముందుకు ఉండాలన్నది మా తాతల నాటి సిద్ధాంతం. పంచెకైనా, పట్టుచీరకైనా అదే న్యాయం. కిల్టు కుచ్చెళ్ళూ ముందుకే తిప్పి, అద్దంలో చూసుకుని, పెళ్ళిళ్ళలో మా పెదనాన్నలాగే ఉన్నాననుకుని బయటికి వచ్చాను. కార్యదర్శిగారు నన్ను చూసి గుండె పట్టుకున్నారు. అప్పటికే బ్యాగ్‌పైపు వాయించేవాడు సంచిలోకి గాలి నింపుతున్నాడు, లోపల నూటికి పైగా అతిథులు లేచి నిలబడ్డారు. ఆయన నా కిల్టు పట్టీలు చకచకా విప్పి, నన్ను నిలబెట్టి కిల్టును మాత్రం గిర్రున తిప్పారు. కుచ్చెళ్ళు వెనక్కి పోయాయి. ఈ వస్త్రానికి కుడివైపు రెండు పట్టీలు, ఎడమవైపు ఒకటి ఉంటాయి. ఎడమ పట్టీని బట్టలో కోసిన చిన్న సందులోంచి ఇవతలికి లాగి బిగించాలి. ఆయన తొందరలో కుడివైపు పై పట్టీ ఒక్కటే బిగించి, నా చేతుల్లో పళ్ళెం పెట్టి, వీపు మీద చరిచి పంపేశారు. వెయ్యేళ్ళ సంప్రదాయం ఒక్క పట్టీ మీద బయలుదేరింది.

పళ్ళెంలోది ఏమిటో చెప్పాలి. గొర్రె గుండె, కాలేయం సన్నగా తరిగి, ఓట్స్, ఉల్లిపాయ, కొవ్వు, మిరియాలు కలిపి గొర్రె పొట్టలో కుక్కి ఉడికిస్తారు. స్కాట్లండులో ఊపిరితిత్తులు కూడా వేస్తారు. పశువుల ఊపిరితిత్తులు మనుషులు తినే ఆహారంలో కలపరాదని 1971 నుంచి అమెరికాలో నిబంధన ఉంది కనుక ఇక్కడ వేయరు. బోటీ కూర ఎరిగినవాళ్ళెవరూ దీన్ని చూసి బెదరరు. బరువుకే బెదరాలి. ముందు బ్యాగ్‌పైపు, వెనక నేను, నా వెనక కత్తితో కార్యదర్శిగారు. అతిథులు తాళానికి తగ్గట్టు చప్పట్లు కొడుతుండగా హాలంతా చుట్టివచ్చాం. రెండో మలుపు దగ్గర ఎడమ తుంటి మీద చల్లగాలి తగిలింది.

హ్యాగిస్‌ను ముందున్న బల్ల మీద పెట్టాక పద్యం చదవడం ఎక్కడైనా ఆచారం. మా బల్ల మీద లాటరీ బహుమతులు పేర్చారు. నా మొహం చూసి కార్యదర్శిగారు, పట్టుకునే ఉండమని కళ్ళతోనే శాసించి పద్యం అందుకున్నారు.

హ్యాగిస్‌ను పొగుడుతూ రాబర్ట్ బర్న్స్ 1786లో రాసిన ఆ పద్యంలో చరణానికి ఆరు పాదాల చొప్పున ఎనిమిది చరణాలు ఉన్నాయి. మొత్తం 48 పాదాలు. కవి పోయిన అయిదేళ్ళకు, 1801లో, స్కాట్లండులోని ఆలొవేలో ఆయన పుట్టిన ఇంట్లో మిత్రులు తొమ్మిదిమంది కూడి మొదటి విందు చేసుకున్నప్పుడు కూడా హ్యాగిస్ ముందు ఇదే చదివారు. వాళ్ళు దాన్ని ఎవరి చేతుల్లోనూ ఉంచి ఉండరని నా నమ్మకం.

మొదటి చరణంలో కిల్టు ఎడమ అంచు రెండంగుళాలు దిగింది. రెండో చరణంలో మోచేతిని తుంటికి అదిమి ఆపాను. అదిమేకొద్దీ పళ్ళెం ఎడమకు ఒరుగుతోంది, హ్యాగిస్ అంచుకు జరుగుతోంది. మూడో చరణంలో శ్రమజీవి కత్తి తుడుచుకుని హ్యాగిస్‌ను కోసే ఘట్టం వస్తుంది. కార్యదర్శిగారు గొంతు పెంచి, కళ్ళు మూసుకుని, చేయి పైకెత్తి పొడిచారు. ఆవిరి పోవడానికి ముందుగా అక్కడక్కడ సూదితో గుచ్చాలన్న సంగతి వంటవాళ్ళు మరచిపోయారు కాబోలు. బుస్సుమని పేలింది. వేడి కొవ్వు నా చొక్కా మీద, కిల్టు మీద, గడ్డం కింద పడింది. నేను ఎగిరిపడలేదు. ఎగిరిపడే స్వేచ్ఛ నాకు లేదు. మోకాళ్ళు మాత్రం ఒక్కసారి వణికాయి. దాంతో, చలికి తట్టుకోలేనని మా ఆవిడ పట్టుబట్టి తొడిగించగా నేను కిల్టు కింద కనబడకుండా తొడల దాకా చుట్టి దాచుకున్న బూడిదరంగు ఉన్ని లాగు ఎడమ కాలు మీదుగా నింపాదిగా విప్పుకుంటూ మేజోడు దాకా దిగివచ్చింది.

నాలుగో చరణంలో నా మనసు 1746 మీదికి పోయింది. ఆ ఏడు బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లండులో ఈ కొండజాతి దుస్తులను నిషేధించింది. మొదటి తప్పుకు బెయిలు లేకుండా ఆరు నెలల జైలు, రెండో తప్పుకు ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. 1782 దాకా ఆ చట్టం ఉంది. పరమ దుర్మార్గమని చదివినప్పుడల్లా అనుకునేవాణ్ణి. ఆ క్షణంలో మటుకు, ఎవరైనా వచ్చి అరెస్టు చేసి తీసుకుపోతే బాగుండుననిపించింది. నాది మొదటి తప్పే కదా, ఆరు నెలలతో పోయేది.

అయిదో చరణం, ఆరో చరణం గుర్తులేవు. ఏడోదానికి కుడి పట్టీ కూడా విశ్రాంతి కోరింది. ఇక కిల్టును ఆపుతున్నది ముందు వేలాడే తోలు సంచి గొలుసు ఒక్కటే. ఆ సంచిని స్పోరన్ అంటారు. కిల్టుకు జేబులుండవు కాబట్టి డబ్బులు దాచుకోవడానికట. మొదటి వరుసలో ఒక ముసలమ్మ నన్ను జాలిగా చూస్తోంది. ఆ పక్కన మా ఆవిడ ఫోను పైకెత్తి నిశ్చలంగా పట్టుకుని ఉంది. కార్యదర్శిగారికి ఇదంతా కనబడదు, కళ్ళు మూసుకునే చదువుతున్నారు. పాదపాదానికీ గ్రుక్క తిప్పుకుని, జనం చప్పట్లకు ఆగి, ఒకచోట నచ్చిందని మళ్ళీ చదివారు కూడా. తన సంస్కృతిని కాపాడుకునేవాణ్ణి తప్పుపట్టలేం గాని, రెండోసారి చదవమని ఎవరూ అడగలేదు.

పద్యం ముగిసింది. అందరూ విస్కీ గ్లాసులు ఎత్తి హ్యాగిస్‌కు జేజేలు పలికారు. పళ్ళెం ఎవరు అందుకున్నారో, వెనక గదికి ఎలా చేరానో చెప్పను. వీడియో ఉంది. మా తెలుగు సంఘం వాట్సాప్ బృందంలో ఆదివారం పొద్దుటికే చేరింది.

నిన్న కార్యదర్శిగారు మెయిలు పంపారు. కిల్టు మీద కొవ్వు మరక పడినందుకు ఉతికింపు ఖర్చు నేనే పెట్టుకోవాలట. ఉన్ని లాగు సంప్రదాయ విరుద్ధమట. పళ్ళెం మాత్రం ఏమాత్రం వణకలేదు కనుక వచ్చే ఏడు కూడా నన్నే మోయమంటున్నారు. మరక ఎవరి కత్తిపోటుతో పడిందో వీడియోలో స్పష్టంగా ఉంది. డబ్బు పంపను. పళ్ళెం సంగతి మా ఆవిడ అప్పుడే ఒప్పేసుకుందేమో, అడగడానికి భయంగా ఉంది.