నాగలి తాకని నేల కావాలి

మన దేశంలో వాతావరణం, సాగు కలిసి నేలలోని నత్రజనిని, సేంద్రియ పదార్థాన్ని ఎంతగా మార్చాయో పరిశీలించిన ఒక అధ్యయనాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 1960లో ప్రచురించింది. దాన్ని రాసిన ఇద్దరిలో ఎస్‌.పి.రాయ్‌చౌధురి మనవారు. రెండోవారు హాన్స్ జెన్నీ. స్విట్జర్లాండ్‌లో పుట్టి, అమెరికాలో స్థిరపడిన మృత్తికా శాస్త్రవేత్త. ఆయన పేరు మన రైతులకు తెలియకపోవచ్చు. వ్యవసాయ కళాశాలల్లో కూడా పరీక్షకు చదివి మరిచిపోయే పేరుగానే మిగిలింది. ఆయన జీవితంలో మన పాలకులు తెలుసుకోవాల్సింది చాలా ఉందని మా అభిప్రాయం.

జెన్నీ 1899లో బాసెల్‌లో పుట్టారు, జ్యూరిక్‌లో చదివారు. ఆయనకు అసలు బడి ఆల్ప్స్ పర్వతాలే. వృక్ష శాస్త్రవేత్త బ్రౌన్-బ్లాంకేతో కలిసి ఆ కొండలెక్కి, సున్నపురాయి మీద ఏర్పడిన నేల కూడా కాలం గడిచేకొద్దీ ఆమ్ల నేలగా మారుతుందని, దానితోపాటే పైనున్న మొక్కల జాతులూ మారిపోతాయని గమనించారు. ఆ ఫలితాలు 1926లో అచ్చయ్యాయి. మట్టిని సంచిలో నింపి ల్యాబ్‌కు పంపితే ఇలాంటి సంగతి తెలియదు. వాలు, ఎండ, గాలి, మొక్క అన్నీ అక్కడే నిలబడి చూడాలి.

తర్వాత అమెరికా వెళ్లి మిస్సోరీలో, 1936 నుంచి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పనిచేశారు. సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే నేలలో నత్రజని రెండు, మూడు రెట్లు పెరుగుతుందని మిస్సోరీలో ఉండగా లెక్కగట్టారు. వాతావరణం, జీవులు, భూమి వాలు, మూల శిల, కాలం అనే ఐదూ కలిసి నేలను తయారుచేస్తాయన్న ఆలోచనకు 1941లో తన పుస్తకంలో గణిత రూపమిచ్చారు. చిత్రకారులు ప్రకృతి దృశ్యాల్లో నేలను ఎలా గీశారన్న విషయం మీద కూడా ఆయన వ్యాసం రాశారు. నేలలో అందాన్ని చూడగలిగిన మనిషి ఆయన.

ఆయన మనసు ఎక్కువగా లగ్నమైంది కాలిఫోర్నియా ఉత్తర తీరంలోని మెండొసినో ప్రాంతం మీద. అక్కడ సముద్రం కోసిన చదును నేలలు, భూమి పైకి లేచేకొద్దీ ఐదు మెట్లుగా మిగిలాయి. ఒక్కో మెట్టు కిందిదానికంటే సుమారు లక్ష ఏళ్లు పాతది. చుట్టుపక్కలే ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ వృక్షాలున్నా, పాత మెట్ల మీద నూరేళ్లు దాటిన సైప్రస్, పైన్ చెట్లు కూడా చాలాచోట్ల కొన్ని అడుగులకు మించి పెరగవు. లక్షల ఏళ్ల వానలు పైమట్టిలోని పోషకాలన్నీ కడిగేసి దాన్ని తెల్లగా వెలవెలబోయేట్టు చేశాయి. కింద ఇనుముతో గట్టిపడిన పొరను వేళ్లు దాటలేవు. శీతాకాలంలో నీరు నిలుస్తుంది, వేసవిలో తేమే ఉండదు. ఒకే శిల, ఒకే వాతావరణం, తేడా అంతా వయసుదే. కాలం నేలను ఏం చేస్తుందో ఇంత స్పష్టంగా చూపే చోట్లు ప్రపంచంలో అరుదు.

ఆ మరుగుజ్జు అడవిని ఎవరూ ముట్టుకోకుండా కాపాడాలని జెన్నీ, ఆయన భార్య జీన్ గట్టిగా పోరాడారు. చెట్ల కోసం కాదు, ప్రధానంగా ఆ నేల కోసం. నేలకు కూడా తనంతట తాను ఉండే హక్కుందని ఆయన నమ్మారు. ఆ మెట్లలో కొంత భాగం నేడు ప్రభుత్వ రక్షిత ప్రాంతం. పక్కనే విశ్వవిద్యాలయ పరిరక్షణలో ఉన్న మరుగుజ్జు అడవికి ఆయన పేరే పెట్టారు. 1992లో, 92 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఇక మన సంగతి. 2015 నుంచి భూసార కార్డులు ఇస్తున్నాం, మంచిదే. అయితే కార్డు ఈరోజు నేలలో ఏముందో చెబుతుంది, ఎంత పోయిందో చెప్పదు. పోయింది తెలియాలంటే అదే రకం నేల, అదే వాతావరణంలో సాగు ఎరగని చోట పోల్చి చూడటానికి మిగిలి ఉండాలి. పులులకు, పక్షులకు అభయారణ్యాలు పెట్టుకున్నాం. నల్లరేగడికి, ఎర్రనేలకు అలాంటి రక్షణ గురించి ఆలోచించేవారే లేరు. రహదారులు, లేఅవుట్లు, క్వారీలు ఏటా ఇంత చొప్పున తినేస్తున్నాయి. ఒక్కసారి పైమట్టి ఎత్తేస్తే, ఏ పథకమూ దాన్ని మన మనవళ్ల కాలానికి కూడా తిరిగి తేలేదు.

నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ దగ్గర దేశపు నేలల మ్యాపులు ఉన్నాయి. వాటి ఆధారంగా ఒక్కో ప్రధాన నేల రకానికి కనీసం ఒక తునకనైనా గుర్తించి, చట్టపరంగా కాపాడే పనిని ప్రభుత్వాలు చేపట్టాలి. పవిత్ర వనాలు, పాత అటవీ ఖండాలు, ఎవరూ దున్నని గట్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వ్యవసాయ విద్యార్థులను ఏడాదికి కొన్ని వారాలైనా అక్కడికి పంపాలి. పార పట్టి గుంట తవ్వి, పొరలు చూసి, చేత్తో మట్టిని నలిపి నేర్చుకోనివ్వాలి. ఇందుకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కావాల్సింది భూమి రికార్డుల్లో ‘బంజరు’ అని రాసి ఉన్న చోటును కేటాయించే ముందు, అక్కడి నేల ఏమిటో తెలిసిన మనిషిని ఒక్కసారి పంపి చూపించాలన్న నిబంధన.