పైప్‌లైన్ గారికి ఒక ఉత్తరం

శ్రీ పైప్‌లైన్ గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. మిమ్మల్ని నేనెప్పుడూ చూడలేదు కానీ, మొన్నమొన్నటిదాకా మీ పేరు వినబడని బోర్డు మీటింగ్ మాత్రం లేదు. అమెరికాలో పేదవాళ్లకి తిండి సరుకులు పంచే ఒక స్వచ్ఛంద సంస్థలో పద్దులు చూసే ఉద్యోగం నాది. మూడు నెలలకోసారి బోర్డు కూర్చుంటుంది, నేను మూల కుర్చీలో కూర్చుని మినిట్స్ రాస్తాను. "ఇన్నేళ్లుగా మన డైరెక్టర్లంతా తెల్లవాళ్లేనా?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, ఇంకొకరు కాఫీ కప్పు కింద పెట్టి, నిట్టూర్చి, మీ పేరు చెప్పేవాళ్లు. "ఏం చేస్తాం, పైప్‌లైన్‌లో మనుషులు లేరు." అంటే పై పదవులకి తయారై వస్తున్న వరసలో తెల్లవాళ్లు కానివాళ్లు లేరని. అందరూ తలలూపేవాళ్లు. తర్వాతి అంశం పార్కింగ్.

మాది తెనాలి. పైపుల సంగతి నాకు కాస్త తెలుసండీ. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే బిందెలు వరసలో పెట్టేవాళ్లం. కుళాయి బుస్సుమని గాలి వదిలేది. చెరువు ఎండిపోయిందేమో అనుకునేవాళ్లం. రెండు వీధుల అవతల కౌన్సిలర్ గారింట్లో మాత్రం మామిడిచెట్టుకి కూడా గొట్టంతో నీళ్లు పట్టేవాళ్లు. చెరువులో నీళ్లున్నాయనీ, సందు చివర మట్టిలో వాల్వు ఒకటుందనీ, దాన్ని తిప్పే మనిషి ఒకడున్నాడనీ కనిపెట్టింది మా అమ్మే.

అందుకే అడుగుతున్నాను, ఏమనుకోకండి. మీకు వాల్వు ఉందా?

ఎందుకంటే మీ నీటిమట్టం కొలిచినవాళ్లు ఉన్నారు. 2016లో బిల్డింగ్ మూవ్‌మెంట్ ప్రాజెక్ట్ అనే సంస్థ, ఈ రంగంలో పనిచేసే 4,000 మందికి పైగా జనాన్ని అడిగింది. పై పదవికి వెళ్లాలని ఉందన్నవాళ్లు తెల్లవాళ్లలో 40 శాతం, మిగతా జాతుల వాళ్లలో 50 శాతం. చదువులో, అనుభవంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ మరుసటేడు, ఇలాంటి సంస్థల బోర్డులకి సాయపడే బోర్డ్‌సోర్స్ లెక్క తీస్తే సంస్థల పెద్దల్లో 90 శాతం, బోర్డు సభ్యుల్లో 84 శాతం తెల్లవాళ్లు. ఇంత నీరు మీలో ఉండి, అవతల బుస్సుమని గాలి వస్తోందంటే, మీరైనా ఆలోచించాలి కదా.

పాత సంగతి ఇంకొకటి. నల్లజాతి వాళ్ల హక్కుల కోసమే 1909లో పుట్టిన ఎన్‌ఏఏసీపీ మొదటి పెద్దల జాబితాలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతీయుడు డు బోయిస్. ఆయన 1895లోనే హార్వర్డ్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు, అక్కడ ఆ జాతి వాళ్లకి అదే మొదటిది. ఆయనకి పత్రిక పని ఇచ్చారు. అధ్యక్షుడిగా బోస్టన్ నుంచి ఒక తెల్ల లాయర్ గారొచ్చారు. రోజువారీ పనులు నడిపే కార్యదర్శి పదవి 1920లో జేమ్స్ వెల్డన్ జాన్సన్‌కి దక్కింది కానీ, అధ్యక్షులు మాత్రం 1975లో కివీ కాప్లాన్ చనిపోయేదాకా వరసగా తెల్లవాళ్లే. వాళ్లు మంచివాళ్లే, కాదనను. అయినా హార్వర్డ్ డాక్టరేట్ ఎదురుగా కూర్చున్న రోజున కూడా మీరు ఖాళీయేనా అండీ?

ఇక మా ఆఫీసు సంగతి. పాత డైరెక్టర్ రిటైరయ్యాక ఎనిమిది నెలలు ఒక నల్లజాతి మహిళ తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చుని సంస్థని నడిపింది. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. ఇంటర్వ్యూలయ్యాక ఒక సభ్యుడు "ఈ సంస్థకి ఆవిడే గుండె" అన్నాడు. ఇంకొకరు "కానీ ఇంకా టైమ్ రాలేదు, ఫిట్ కూడా చూసుకోవాలి కదా" అన్నారు. ఫిట్ అయినాయన బ్యాంకు నుంచి వచ్చాడు. బోర్డు చైర్ గారితో కలిసి ఆదివారాలు పడవ నడుపుతాడు. ఆయనకి ఆరు వారాలు పని నేర్పింది ఎవరనుకున్నారు? ఏ చర్చి బేస్‌మెంట్‌లో ఫ్రిజ్ మొరాయిస్తుందో, ఏ ట్రక్కు రెండుసార్లు తిప్పితే గానీ స్టార్టవదో, ఏ ముసలమ్మకి ఉప్పు లేని డబ్బాలు వేరుగా కట్టాలో, ఆవిడే పక్కన నిలబడి ఓపిగ్గా చెప్పింది. ఆయన పసుపు రంగు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాడు.

"సెర్చ్ కమిటీ ఏకగ్రీవంగా" అని మినిట్స్‌లో రాసింది నేనే. స్పెల్లింగ్ కూడా సరిచూశాను.

నా నోరు ఎందుకు లేవలేదంటారా? ఆ ఏడాది వార్షిక నివేదికకి ఫొటో తీసినప్పుడు నన్ను ముందు వరసలోకి లాగారు. నేనూ, ఆవిడా, ట్రక్కు డ్రైవర్లిద్దరూ ముందు, బోర్డంతా వినయంగా వెనక. నేనొక్కణ్ణే మూడు పేజీల్లో ఉన్నాను. బాగానే అనిపించింది, అబద్ధమెందుకు. అదీగాక నీతులు చెప్పడానికి నా మొహం చెల్లదు. ఇక్కడి మన తెలుగు సంఘాల కార్యవర్గాలు చూడండి, కొన్నింట్లో ఇంటిపేర్లు వరసగా చదువుకుంటూ పోతే ఏ జిల్లా, ఏ కులమో చెప్పేయొచ్చు. మనం ఫిట్ అనం. "మనవాడేనా?" అంటాం. మీలాంటి పెద్ద పేరు వాడుకోవాలన్న ఇంగితం కూడా మనకి లేదు.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో చనిపోయినప్పుడు మా కారిడార్‌లో సమానత్వం గురించి నిలువెత్తు పోస్టర్ ఒకటి పెట్టారు. కింద బోర్డు సభ్యులందరి సంతకాలూ ఉండేవి. 2025 జనవరిలో ఇలాంటి సమానత్వ కార్యక్రమాలకి వ్యతిరేకంగా ట్రంప్ ఉత్తర్వులు వచ్చాక ఫెడరల్ గ్రాంట్ పోతుందన్న టెన్షన్‌తో దాన్ని తీసేశారు. గోడకి నాలుగు మేకు రంధ్రాలు మిగిలాయి. ఇప్పుడు మీటింగుల్లో మీ పేరు కూడా ఎత్తట్లేదు. మీ మీద నాకు కాస్త జాలేసింది, ఆ పోస్టర్‌తో పాటు మీ ఉద్యోగమూ పోయింది.

అన్నట్టు ఆవిడ రాజీనామా చేసింది. సొంతంగా చిన్న సంస్థ పెట్టుకుంది. కొత్త సంస్థలు పెట్టేవాళ్లకి డబ్బిచ్చే ఎకోయింగ్ గ్రీన్, ఈ రంగానికి సలహాలిచ్చే బ్రిడ్జ్‌స్పాన్ కలిసి 2020లో ఒక లెక్క చెప్పాయి. ఎకోయింగ్ గ్రీన్‌కి దరఖాస్తు పెట్టుకుని వడపోతలో ముందుకొచ్చినవాళ్లలో, నల్లజాతి వాళ్లు నడిపే సంస్థల చేతిలో ఇష్టప్రకారం ఖర్చుపెట్టుకోగల ఆస్తి, తెల్లవాళ్లు నడిపే వాటి కంటే 76 శాతం తక్కువట. ఆ లెక్క నాకు ఇప్పుడు ఆవిడ వంటింటి బల్ల మీద కనిపిస్తోంది, ఎందుకంటే శనివారాలు ఆ పద్దులు చూసేది నేనే. మొన్నొక గ్రాంట్ ఫారం వచ్చింది. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు జతపరచాలట. సంస్థ వయసు పదకొండు నెలలు. ఆడిట్ చేయించడానికయ్యే ఖర్చు ఆ గ్రాంట్ కంటే ఎక్కువ. ఆవిడ నవ్వి, "పైప్‌లైన్‌లో ఉన్నాం కదా" అంది.

వాల్వు ఎక్కడుందో, తిప్పేదెవరో ఒక్క ముక్క రాసి పంపండి. ఉత్తరం ఆఫీసు అడ్రసుకి వద్దు.

ఇట్లు,
ఫొటోలో ముందు వరస, ఎడమ నుంచి రెండోవాడు