అంగీ ఎవరు తెస్తారు?

బైబిల్లోని అపొస్తలుల పత్రికల్లో, అంటే యేసు పంపిన తొలి బోధకుల ఉత్తరాల్లో, ప్రతి అక్షరమూ దేవుడు పలికిందే, ఒక్క పొల్లు కూడా పోదు అని బల్ల గుద్ది చెప్పే పెద్దలంటే నాకు అపారమైన గౌరవం. అందుకే వినయంగా ఒక అంగీ సంగతి అడుగుతున్నాను.

"దైవావేశం వల్ల కలిగిన ప్రతి లేఖనం" అనే మాట అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. పెద్దల వాదానికి మూలస్తంభం అదే. పేజీ తిప్పితే, త్రోయ పట్టణంలో కర్పు అనే అతని దగ్గర ఉంచి వచ్చిన నా అంగీ పట్టుకురా, పుస్తకాలూ తీసుకురా, ముఖ్యంగా చర్మపు కాగితాలు అంటాడు పౌలు.

ఆజ్ఞే కదా! తిమోతి తెచ్చాడో లేదో లేఖనం చెప్పదు. తేకపోతే ఆ దైవాజ్ఞ ఇప్పటికీ పెండింగులో ఉన్నట్టే. వెంటనే ఒక సంఘం వేయాలి. అంగీ ఉన్నిదా, నారదా తేల్చడానికి ఒక ఉపసంఘం. చలికాలం రాకముందే రమ్మన్నాడు గనుక, వసంతంలో తెస్తే అది పాపమా, ఒట్టి ఆలస్యమా అని ఇంకొకటి. కర్పు ఇవ్వనంటే వెలివేయాలా అని మూడోది. ఇది తప్పకుండా చీలుతుంది. అంగీయే ముఖ్యమనేవాళ్లు ఒక శాఖ, "ముఖ్యంగా" అన్నది చర్మపు కాగితాలనే గదా అనేవాళ్లు మరో శాఖ. ఒకరి బాప్తిస్మం మరొకరికి చెల్లదు.

పాపం, పౌలుకు ఇంత పట్టింపు లేదు. కొరింథీయులకు రాస్తూ ఒకచోట ఇది ప్రభువు మాట, నాది కాదంటాడు. మరుక్షణమే ఇది నేను చెబుతున్నాను, ప్రభువు కాదంటాడు. ఎవరెవరికి బాప్తిస్మం ఇచ్చానో గుర్తులేదనీ ఒప్పుకుంటాడు. అదే పత్రికలో తర్వాత, నేను రాస్తున్నవి ప్రభువు ఆజ్ఞలని గట్టిగానే అంటాడు. ఎక్కడ ఏ హోదాలో మాట్లాడుతున్నాడో ఆయనకు తెలుసు. పౌలు పత్రికలను లేఖనాల సరసన కూర్చోబెట్టిన రెండో పేతురు పత్రిక సంగతి చూస్తే, నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యూసేబియు దాన్నే వివాదాస్పదమైన వాటిలో చేర్చాడు. అలెగ్జాండ్రియాలో బిషప్పు అథనాసియు 367లో కొత్త నిబంధనకు 27 పుస్తకాల జాబితా ఇచ్చేనాటికి గాని అది కుదురుగా కూర్చోలేదు.

మన పెద్దలకు ఈ గొడవే లేదు. నాలుగు పత్రికల్లో పౌలు ఆజ్ఞాపించిన పవిత్రమైన ముద్దు ఆ కాలపు ఆచారం. సంఘాధ్యక్షుడికి ధనాపేక్ష ఉండకూడదన్నది సందర్భాన్ని బట్టి చూడాలి. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్నది మాత్రం యుగయుగాలకూ దేవుని ఆజ్ఞ! లోబడాల్సింది ఎదుటివాడైతే ఆ వచనం ఆకాశం నుంచి దిగుతుంది.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. "దాసులారా, యజమానులకు లోబడండి" అన్న వాక్యాన్ని అమెరికాలో తరాలపాటు మనుషుల మెడకు కట్టారు. 19వ శతాబ్దంలో జార్జియాలో ఒక బోధకుడు, దాసుడైన ఒనేసిము గురించి అతని యజమాని ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక పట్టుకుని, పారిపోవడం తప్పని బానిసలకు ప్రసంగించాడు. సగం మంది లేచి వెళ్లిపోయారు. అలాంటి పత్రిక బైబిల్లోనే లేదన్నారు కొందరు. ఈ మాట ఆ బోధకుడే రాసుకున్నాడు. ఒనేసిమును ఇకపై దాసుడిగా కాదు, ప్రియ సహోదరుడిగా చేర్చుకో అని అదే పత్రిక పదహారో వచనంలో ఉంది. వాళ్లంతట వాళ్లు చదివి తెలుసుకుందామా అంటే, బానిసలకు చదువు చెప్పడం ఆ రాష్ట్రంలో 1829 నుంచి నేరం. నోరు మూయించి, కళ్లు కట్టి, పైగా దేవుని వాక్యానికి కావలి మేమే అంటారా?