గాజులాయన పట్టిన జబ్బు

కీళ్ల నిపుణుల కొరత గురించి ప్రభుత్వం బెంగ పెట్టుకోనక్కర్లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. తెనాలిలో మేముండే ఒక్క వీధిలోనే పదకొండుమంది ఉన్నారు. టోకెన్ లేదు, ఫీజు లేదు. రోగి కదలక్కర్లేదు, వాళ్లే వచ్చి చూసి, కాఫీ తాగి మరీ వెళ్తారు.

మా ఆవిడకి వేళ్లు సలపడం మొదలైంది. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమది, ఆపైన రెండు మణికట్లూ. తడి తువ్వాలు పిండలేకపోయేది. పొద్దున్నే కాఫీ గంట ఆలస్యమయ్యేది. అది జబ్బు లక్షణమని నాకు తెలియదు, బద్ధకమనుకున్నాను. రెండు మూడుసార్లు పైకి అన్నాను కూడా. ఆ ప్రస్తావన ఇక్కడితో ఆపుతాను.

వైద్యం మాత్రం వెంటనే మొదలైంది. ఎదురింటి పిన్నిగారు వేడి నువ్వులనూనెలో కర్పూరం వేయించారు. పక్కింటి వదినగారు వావిలాకు కాపడం పెట్టించారు. మా అత్తగారు వాతం చేస్తాయంటూ వంకాయ, బంగాళాదుంప, శనగపప్పులను ఫోన్లోనే నిషేధించారు. మూలింటి మాస్టారు రోజూ బెండకాయ తినమన్నారు. కీళ్లలో గుజ్జు అరిగింది, బెండకాయలో జిగురుంది, ఇంకేం కావాలి? కడుపులో పడ్డ జిగురు వేళ్లదాకా ఏ దారిన వెళ్తుందని అడగబోయి ఊరుకున్నాను. ఎనిమిదో తరగతిలో నాకు సైన్సు చెప్పింది ఆయనే.

వీళ్లందరి మీదా 2006 చికున్‌గున్యా బ్యాచ్ ఉంది. ఆ ఏడు జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి గోడ పట్టుకుని నడిచినవాళ్లు. ఆ సీనియారిటీని ఏ డిగ్రీ దాటలేదు. ఎవరు ఏ నొప్పి చెప్పినా "ఇదీ ఒక నొప్పేనా, మేం పడలేదూ" అంటారు. పరీక్షా అదే, మందూ అదే. రిటైరైన బ్యాంకు బాబాయిగారైతే నేరుగా మోకీళ్ల మార్పిడిలోకి దిగిపోయారు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలు కట్టడి చేసిందట, కోబాల్ట్ క్రోమియం కీలు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అంకెలు కంఠతా వచ్చు. నొప్పి మోకాళ్లకి కాదండీ, వేళ్లకి అన్నాను. "ముందుచూపు ఉండాలోయ్" అన్నారు.

ఆర్‌ఎంపీ గారి ఇంజెక్షన్ మూడు రోజులు పనిచేసింది. నాలుగో రోజు ఇంకొకటి పొడిచారు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని "అంతా నార్మల్" అన్నారు. నార్మలని తేలాక నొప్పి ఉండటం ఎంత అమర్యాద! నలభై దాటాయిగా, ఒళ్లు తగ్గాలని చెప్పి కాల్షియం, గ్యాస్ మాత్ర, వారానికోసారి పాలల్లో కలుపుకోమని విటమిన్ డి పొడి రాశారు.

తర్వాత మా తోడల్లుడు ఊరూ పేరూ లేని ఇంకో పొడి తెచ్చాడు. కాగితం పొట్లం, పైన అక్షరం ముక్క లేదు. అద్భుతం. రెండు రోజుల్లో నొప్పి మాయం. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా నిండింది, పెళ్లిలో చుట్టాలంతా "మొహంలో కళొచ్చింది" అని మెచ్చుకున్నారు. పొట్లాలు అయిపోయిన వారానికి నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది.

అలా శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి గాజులు వేయించుకోవాలని బజారుకెళ్లాం. గాజులాయన స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి తన చేతిలోకి తీసుకుని, నాలుగు వేళ్ల మొదళ్లూ దగ్గరికి చేర్చి నొక్కాడు. గాజు ఎక్కాలంటే అలా నొక్కాల్సిందే. ఆవిడ కెవ్వుమంది. ఆయన గాజు పక్కన పెట్టి, రెండో చేతి కణుపుల మీద బొటనవేలితో మెల్లగా తడిమి చూశాడు.

"నిరుడు మీకు రెండు నాలుగు సైజు వేశానమ్మా. ఇప్పుడు రెండు ఎనిమిది కూడా ఎక్కదు. ఇది ఒళ్లు కాదు, లోపలి వాపు. మా మరదలికీ ఇలాగే అయితే బెజవాడలో వాతం డాక్టరుకి చూపించాం. ఎముకల డాక్టరు కాదు, ఆయన వేరు."

సరుకు అమ్మకుండా పంపేసిన వ్యాపారిని నేను చూడటం అదే మొదలు.

ఆ వేరే డాక్టర్ని రుమటాలజిస్టు అంటారట. ఎంబీబీఎస్, ఎండీ అయ్యాక ఈ ఒక్క విద్యకే మరో మూడేళ్లు డీఎం చదవాలట. మాస్టారికి చెబితే "అన్నేళ్లెందుకూ?" అన్నారు. విజయవాడలో మా టోకెన్ నలభై మూడు. కీళ్ల విభాగం రెండో అంతస్తులో పెట్టారు, లిఫ్టు స్ట్రెచర్లకే. రోగి మెట్లెక్కగలిగితే ఇంకా మునిగిపోలేదని అక్కడే తేలిపోతుంది కాబోలు. హాల్లో ఒకావిడ నీళ్ల సీసా కొనుక్కుంది. మూత రాలేదు. పక్కావిడకిచ్చింది, ఆవిడకీ రాలేదు. సీసా అలా ఒక వరుసంతా చేతులు మారి, చివరికి అమ్మమ్మ వెంట వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లాడి దగ్గర ఆగింది. వాడు టక్కున తిప్పేసి, మొత్తం హాలుని జాలిగా చూశాడు.

డాక్టరుగారు చెయ్యి తీసుకుని, నాలుగు వేళ్ల మొదళ్లూ కలిపి నొక్కారు. అదే పట్టు, అదే కెవ్వు. తర్వాత, పధ్నాలుగు నెలల్లో ఎవరూ అడగని మాట అడిగారు. "పొద్దున లేచాక వేళ్లు ఎంతసేపు పట్టేసి ఉంటాయమ్మా?"

నేను నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది. "గంట పైనే. ఈయన కాఫీ కోసం అరిచేదాకా."

డాక్టరుగారు నావైపు చూడలేదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు రాశారు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు అని తేలింది. పొట్లం సంగతి చెబితే, అందులో స్టెరాయిడ్ లేకపోతేనే ఆశ్చర్యపోవాలన్నారు. మొదటి నెలల్లోనే వచ్చి ఉంటే బాగుండేదనీ, ఒకసారి కీలు పాడైతే వెనక్కి రాదనీ అన్నారు. మెతోట్రెక్సేట్ అనే మాత్ర రాసి "సోమవారం మాత్రమే" అని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని రెండుసార్లు చెప్పించుకున్నారు. మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్, మధ్యమధ్య రక్తపరీక్షలు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు.

మూడో నెలలో ఆవిడ తువ్వాలు పిండింది. వీధంతటికీ తెలిసిపోయింది. మర్నాడే ఎదురింటి పిన్నిగారు మోకాలు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"మీ ఆవిడకి పడిందిగా నాయనా, ఆ మాత్ర పేరు కాస్త కాగితం మీద రాసివ్వు."

పదకొండుమంది నిపుణులున్న వీధికి పన్నెండోవాణ్నయ్యానని అర్థమైంది. కళ్లజోడు సర్దుకుని, గొంతు బరువు చేసుకుని అడిగాను. "పొద్దున లేచాక ఎంతసేపు పట్టేసి ఉంటుందండీ?"

"లేవడమేమిటి నాయనా, నిద్రపడితే కదా!" అని, కాఫీ గ్లాసు కోసం వంటింటివైపు చూశారు. మా ఆవిడకి నొప్పిగా ఉందని నేనే లేచి కలిపాను.