టార్ రిలే క్లౌడ్‌లో పెట్టనివ్వండి, కానీ ఓనర్ ఎవరో కూడా లెక్కలో వెయ్యండి

నెట్‌లో మనమెవరో దాచే టార్ నెట్‌వర్క్, ట్రాఫిక్‌ని అందుకుని ముందుకు పంపే రిలేల మీద నడుస్తుంది, వాటిని నడిపేది వాలంటీర్లు. అందులో కంపెనీల దగ్గర అద్దెకి తీసుకున్న క్లౌడ్ సర్వర్లే ఉండకూడదు, వాలంటీర్ అన్నవాడు సొంత మెషీన్ మీదే నడపాలి అంటారు కొందరు. గుట్టంతా కంపెనీల చేతిలో పడుతుందన్న భయం నాకూ ఉంది. నిషేధం మాత్రం ఒప్పుకోను.

అలా అనేవాళ్లు విశాఖలో ఒక రిలే పెట్టి చూడండి. మా ఎంవీపీ కాలనీలో రౌటర్ పేజీ తెరిస్తే చాలా ఇళ్లలో బయటి ఐపీ 100.64 అనో 100.72 అనో మొదలవుతుంది. అంటే ఆ అడ్రస్ మీది కాదు. ఎన్నో ఇళ్లు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉన్నాయి, బయటివాళ్లు మీ రిలేని చేరుకోలేరు. పబ్లిక్ ఐపీకి వేరే డబ్బు కట్టాలి. రెండువైపులా కనీసం 10 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. కరెంటు పోకూడదు, 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఇక ఎగ్జిట్ రిలే, అంటే సైట్లకి తన ఐపీ కనపడే చివరి రిలే, ఇంట్లో అస్సలు వద్దు. ఎవడో చేసిన పనికి పోలీసులు ఐపీ పట్టుకుని మీ గుమ్మానికొస్తారు. క్లౌడ్ వద్దంటే మనలాంటివాళ్లని గెంటేసినట్టే.

అయితే ప్రమాదం లేదా? ఉంది, పెద్దదే. టార్‌లో ట్రాఫిక్ మూడు రిలేల గుండా వెళ్తుంది. మొదటిదానికి మీ ఐపీ తెలుసు, చివరిదానికి మీరు చూసే సైటు తెలుసు. రెండూ ఒకరి చేతిలో పడితే టైమింగ్ సరిచూసి మీ గుట్టు లాగేస్తారు. అందుకే ఒకే ఆపరేటర్ తన రిలేలన్నిటినీ ఒక ఫ్యామిలీగా ప్రకటించాలి, ఆ ఫ్యామిలీ నుంచి ఒక దారిలో రెండు రావు. ఐపీలో మొదటి రెండు భాగాలు ఒకటే అయినా, అంటే ఒకే ఐపీ బ్లాకులో ఉన్నా, రావు. కానీ ఓవీహెచ్, హెట్జ్‌నర్ లాంటి, సర్వర్లు అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీలకి అలాంటి బ్లాకులు బోలెడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు వాలంటీర్లు ఒకే కంపెనీలో అద్దెకుంటే, టార్ లెక్కలో వాళ్లు వేర్వేరు. డూప్లికేట్ తాళంచెవి మాత్రం ఒకే ఓనర్ దగ్గర. అద్దెకిచ్చిన వర్చువల్ మెషీన్ మెమరీ చదవాలంటే ఆ ఓనర్‌కి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2014లో ఏం జరిగింది? జనవరి 30న చేరిన 115 రిలేలు హిడెన్ సర్వీసులు, అంటే టార్ లోపలే నడిచే సైట్లు, వాడేవాళ్ల మీద కన్నేశాయి. జూలై 4న తీసేసేదాకా నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. అన్నీ కలిపి ఉన్నది రెండే ఐపీ బ్లాకుల్లో!

కాబట్టి హోస్టింగ్ కంపెనీనీ ఫ్యామిలీగానే చూడాలి. ఒక దారికి రెండు చివర్లూ ఒకే కంపెనీ మెషీన్లు కాకూడదు, మొత్తం ట్రాఫిక్‌లో ఏ ఒక్క కంపెనీ వాటా అయినా ఒక హద్దు దాటకూడదు. కొంత స్పీడు తగ్గుతుంది, తగ్గనివ్వండి. ప్రాణం మీదకి తెచ్చుకుని వార్త పంపే విలేకరికి స్పీడు కంటే గుట్టు ముఖ్యం.

రిలే అద్దెకి తీసుకునేవాళ్లు అందరూ వెళ్లే కంపెనీకే వెళ్లకండి, చిన్న ప్రొవైడర్‌ని వెతకండి. డబ్బు లేకపోతే బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. పబ్లిక్ ఐపీ అక్కర్లేదు, వెబ్‌సైట్లకి మీ ఐపీ కనపడదు. నెట్‌కి సెన్సార్ ఉన్న దేశాల్లోవాళ్లు మీ ద్వారా టార్‌లోకి వస్తారు.